జగిత్యాల దాకా వచ్చిన ఎర్ర నాచు

రంజాన్ నెలలో కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో పాలు, చక్కెరతో పాటు చైనా గ్రాస్ మరుగుతుంది. చల్లారితే గట్టిపడి ముక్కలుగా తెగుతుంది. సముద్రపు ఎర్ర నాచును ఉడికించి తీసే అగర్ అది. సిరిసిల్లలో ఎవరైనా మూత్రం కల్చర్ పరీక్షకు ఇస్తే, ల్యాబులో సూక్ష్మజీవులను పెంచేదీ అగర్ మీదే. వరికి, పసుపుకు కొట్టే సీవీడ్ మందుల్లో కొన్నింటికి ముడిసరుకు కప్పాఫైకస్ అనే ఇంకో ఎర్ర నాచు. తమిళనాడు తీరంలో దాన్ని వెదురు తెప్పల మీద పెంచుతారు.

కడుపులోకీ పొలంలోకీ ఇంతగా వచ్చిన జీవి గురించి మనకు తెలిసింది మాత్రం ఇంటర్ పుస్తకంలోని ఒకటి రెండు పేరాలే. అవీ పరీక్షయ్యాక గుర్తుండవు.

తెలుగువాళ్లకు దగ్గరలో దీన్ని చూడాలంటే విశాఖ వెళ్లాలి. అక్కడి రాళ్ల మీద గ్రాసిలేరియా కార్టికేటా అనే ఎర్ర నాచు పెరుగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఆ తీరమంతా గాలించి, అక్కడి సముద్ర శైవలాల జాబితాను 1970లో ప్రచురించారు. ఈ నాచుల సిద్ధబీజాలు ఏ కాలంలో, ఏ వేళలో ఎక్కువ రాలతాయో కూడా ఉమామహేశ్వరరావు బృందం లెక్కగట్టింది. మన దగ్గర ఇంత ఓపికైన పనికి రావలసిన పేరు రాలేదు.

గ్రాసిలేరియాకు వేరు, కాండం, ఆకు ఉండవు. అడుగున చిన్న పట్టు రాయిని అంటిపెట్టుకుంటుంది, పైన కొమ్మలు చీలుతూ పోతాయి. కొమ్మను అడ్డంగా కోసి చూస్తే లోపల పెద్ద, రంగులేని కణాలు, అంచున చిన్న రంగు కణాలు. ఎరుపు ఫైకోఎరిత్రిన్‌ది. నీటి లోతుకు చేరే నీలి, ఆకుపచ్చ కాంతిని అది పట్టుకుంటుంది. అగర్ ఉండేది కణాల గోడల్లో.

అసలు విచిత్రం సంతానోత్పత్తిలో ఉంది. ఆడ, మగ మొక్కలు వేరు. మగకణానికి కశాభం లేదు, ఈదలేదు. ఆడకణం నుంచి పొడుచుకొచ్చిన సన్నని ట్రైకోగైన్‌ను అది తగిలితేనే ఫలదీకరణ. ఆ తర్వాత పుట్టే రెండో తరం విడిగా బతకదు, తల్లి కొమ్మ మీదే మొటిమలా ఉబ్బుతుంది. సిస్టోకార్ప్ అంటే అదే. దానిలోంచి రాలిన కార్పోస్పోర్లు మూడో తరం మొక్కలవుతాయి. వాటిలో క్షయకరణ విభజన జరిగి నాలుగేసి టెట్రాస్పోర్లు వస్తాయి, వాటి నుంచి మళ్లీ ఆడ, మగ మొక్కలు. ఒక్క ఫలదీకరణ నుంచి ఎన్నో కార్పోస్పోర్లు పుట్టడం, ఈదలేని మగకణాల కొరతను పూడ్చే ఏర్పాటని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

మగకణాన్ని నీటి ప్రవాహమే మోస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2022లో ఫ్రాన్స్‌కు చెందిన మిరియమ్ వలెరో బృందం ‘సైన్స్’ పత్రికలో వేరే సంగతి రాసింది. గ్రాసిలేరియా గ్రాసిలిస్ మీద తిరిగే ఇడోటియా అనే చిన్న సముద్రపు పురుగు ఒంటికి మగకణాలు అంటుకుని, ఆడ మొక్కకు చేరుతున్నాయి. పురుగులున్న తొట్టెల్లో ఫలదీకరణ దాదాపు 20 రెట్లు ఎక్కువ. పరాగ సంపర్కం లాంటి పని సముద్రంలోనూ జరుగుతోందన్నమాట.

జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఒక మాట. పిల్లలను విశాఖ టూరుకు తీసుకెళ్తే, జలాంతర్గామి మ్యూజియం చూపించాక, ఆటు వేళ ఒక గంట రాళ్ల దగ్గరకూ నడిపించండి. గ్రాసిలేరియా చేతికందే ఎత్తులోనే ఉంటుంది. పీకనివ్వకండి, చూడనివ్వండి.