ఓటీపీ అంటే ఏమిటి?



మా ఇంట్లో చదువు వచ్చినది నాకొక్కదానికే. ఎండాకాలం సెలవుల్లో అయ్యకు ఫోన్ వచ్చింది. "బ్యాంకు నుండి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోతుంది. మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పండి" అన్నారు. అయ్య ఫోన్ నాకిచ్చి "చదువు బిడ్డా" అన్నాడు. నేను 6 అంకెలు గట్టిగా చదివిన. తునికాకు డబ్బులు 3,800 రూపాయలు పోయినవి. 50 ఆకులకు ఒక కట్ట. అవన్నీ అవ్వ ఎండలో తిరిగి కట్టిన కట్టలు. అంకెల కిందనే ఇంగ్లీషులో "ఎవరికీ చెప్పవద్దు" అని ఉంది. నేను అది చదవలేదు.

ఓటీపీ అంటే ఒక్కసారికే పనిచేసే రహస్య సంఖ్య. ఇది ఖాతాకు తాళంచెవి వంటిది. బ్యాంకువారు ఫోన్ చేసి దీనిని అడగరు. మనకు డబ్బు రావడానికి పిన్ నొక్కే పని లేదు. పిన్ నొక్కితే మన డబ్బే పోతుంది.

మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే దొంగలు డబ్బును వేరే ఖాతాలకు మార్చేస్తారు. మేము భయపడి 3 రోజులు ఎవరికీ చెప్పలేదు.

మనమూ తప్పు చేయరాదు. ఇతరుల పాస్‌వర్డ్ మోసంతో వాడితే ఐటీ చట్టం 66సి ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు. స్నేహితురాలి ఫొటో ఆమెను అడగకుండా ఎవరికీ పంపరాదు. ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే దాచుకోకుండా మేడమ్‌కు చెప్పాలి, లేదా 1098కి ఫోన్ చేయాలి.

అయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. కావున సెలవులకు ఇంటికి పోయినప్పుడు మెసేజ్ మొత్తం చదవండి. ఇంట్లో వాళ్ళకు అర్థం చెప్పండి.