ఆర్‌సీ ట్రక్ కొంటున్నారా? ఎలక్ట్రికా.. నైట్రోనా? ఏలూరు, గూడెం, కొల్లేరు నేల మీద ఏది నిలబడుతుంది?

ఫోన్‌లో 30 సెకన్ల వీడియో. బుల్లి ట్రక్ ఒకటి పొగ వదులుతూ మట్టి దిబ్బ ఎక్కుతుంది. గాల్లోకి లేచి, కింద పడి, మళ్లీ పరుగు తీస్తుంది. అది చూశాక కుర్రాళ్ల మనసు ఆగదు. దాచుకున్న పాకెట్ మనీ బయటకు వస్తుంది. చాలకపోతే నాన్న జేబు వైపు చూపు పడుతుంది.

కానీ ఆ 30 సెకన్ల వెనక ఎంతసేపు ట్యూనింగ్ చేశారో, ఫ్యూయల్ ఎక్కడి నుంచి తెప్పించారో, విరిగిన పార్ట్ ఎన్ని రోజులకు వచ్చిందో వీడియోలో కనిపించదు. వేలు పోసి కొన్న మొదటి ట్రక్ రెండు నెలలకే అటకెక్కుతోందంటే, స్పీడ్ తక్కువై కాదు. నడిపే వీలు లేకే.

అందుకే అసలు మాట ముందే చెప్పుకుందాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకల్లో మొదటిసారి కొనేవాళ్లలో దాదాపు అందరికీ ఎలక్ట్రిక్ ట్రక్కే సరైనది. నైట్రో చెడ్డదని కాదు. దాన్ని పోషించడం వేరే పని. ఎందుకో చూద్దాం.

ముందు ఇది తేల్చుకోండి.. బొమ్మా? హాబీ బండా?

చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. బొమ్మ ట్రక్‌లో గేర్ పోతే బండి మొత్తం పోయినట్టే, ఎందుకంటే విడి పార్టులు దొరకవు. హాబీ గ్రేడ్ ట్రక్ అలా కాదు. మోటార్, గేర్లు, చక్రాల చేతులు, షాక్ అబ్జార్బర్లు.. అన్నీ స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. బైక్ లాగే ఇంట్లోనే రిపేర్ చేసుకోవచ్చు.

ఎనిమిదేళ్ల పిల్లాడికి అయితే మంచి బొమ్మ బండి చాలు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూడండి. హాబీ గ్రేడ్ పెట్టెల మీద మాత్రం చాలావరకు 14 ఏళ్లు పైబడిన వారికి అని రాసి ఉంటుంది. అది ఊరికే రాసింది కాదు. రెండు కిలోల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి కాలికి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఎలక్ట్రిక్ ట్రక్‌లో ఏముంటుంది?

బ్యాటరీ, మోటార్, మధ్యలో కరెంటును అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్. అంతే. చేపల చెరువుల్లో ఏరియేటర్లు తిప్పే ఊళ్లలో మోటార్ సంగతి ఎవరికీ కొత్త కాదు. లోడ్ పెరిగితే వేడెక్కుతుంది, నీళ్లు దూరితే ఆగుతుంది. ఇక్కడా అదే సూత్రం.

మోటార్లు రెండు రకాలు. బ్రష్ మోటార్ చవక, స్పీడ్ తక్కువ. బ్రష్‌లెస్ మోటార్ ఖరీదు, స్పీడ్ చాలా ఎక్కువ. మొదటి బండికి బ్రష్ మోటారే మంచిది. నేర్చుకునే రోజుల్లో ఎంత స్పీడ్ ఉంటే అన్ని పార్టులు విరుగుతాయి.

బ్యాటరీల్లోనూ రెండు రకాలు. నికెల్ బ్యాటరీ మొరటుది, కాస్త నిర్లక్ష్యం చేసినా ఓర్చుకుంటుంది. లిపో బ్యాటరీ తేలిక, పవర్ ఎక్కువ. కానీ దానికి లెక్క ఉంది. ఒక్కో సెల్‌కు ఫుల్ చార్జ్ 4.2 వోల్టులు. వాడేటప్పుడు 3 వోల్టుల కిందకు పోనివ్వకూడదు. కొన్ని రోజులు వాడకుండా పక్కన పెట్టాలంటే 3.8 దగ్గర ఉంచాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇంకోటి ఉంది. స్పీడ్ కంట్రోలర్‌లో నికెల్, లిపో అని రెండు సెట్టింగులు ఉంటాయి. లిపో పెట్టి నికెల్ సెట్టింగ్‌లోనే నడిపేస్తారు. దాంతో సరైన సమయానికి కంట్రోలర్ బండిని ఆపదు, ఖరీదైన బ్యాటరీ పాడవుతుంది.

నైట్రో అంటే పెట్రోల్ బండి కాదు

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజిన్ ఉంది కదా, బంకులో అర లీటర్ పెట్రోల్ కొట్టించి పోస్తే నడుస్తుందిలే అనుకుంటారు. నడవదు. పైగా ఇంజిన్ పాడవుతుంది.

నైట్రో ఫ్యూయల్ అంటే మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన మిశ్రమం. ట్రక్కుల్లో వాడే ఫ్యూయల్‌లో నైట్రోమీథేన్ మామూలుగా 10 నుంచి 30 శాతం ఉంటుంది. ఈ ఇంజిన్‌లో బైక్‌లో ఉండే స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు చిన్న బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఒకసారి ఇంజిన్ అందుకున్నాక, ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్ వల్లే ఎర్రగా ఉండి మంటను నిలబెడుతుంది. పెట్రోల్‌తో ఆ పని జరగదు. పైగా ఈ ఇంజిన్‌కు లూబ్రికేషన్ అంతా ఫ్యూయల్‌లో ఉన్న ఆయిల్ నుంచే అందాలి. అది లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

కొత్త ఇంజిన్‌ను వెంటనే ఫుల్ స్పీడ్‌లో తిప్పకూడదు. మొదటి నాలుగైదు ట్యాంకులు ఫ్యూయల్ ఎక్కువ ఇచ్చి, నెమ్మదిగా అలవాటు చేయాలి. తర్వాత కార్బురేటర్ స్క్రూలు సరిచేసుకోవాలి. పొలానికి మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్‌ను విప్పి బిగించిన చేతులకు ఈ పని కొంత తెలుసు. రీల్ చూసి కొన్న కుర్రాడికి తెలియదు. దాంతో మొదటి నెల అంతా తాడు లాగడంతోనే సరిపోతుంది. నడిపి ఆపేశాక కూడా పని ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌లో రెండు చుక్కలు ఆయిల్ వేయాలి. లేదంటే లోపల తుప్పు పడుతుంది.

జేబు లెక్క

ఎలక్ట్రిక్‌తో మొదలుపెడదాం. 7.4 వోల్టుల, 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే కరెంటు 37 వాట్ అవర్లు. చార్జర్‌లో వృథా అయ్యేది కలిపి 50 అనుకున్నా, ఒక్క యూనిట్ కరెంటుతో 20 సార్లు చార్జ్ చేయొచ్చు. అంటే రోజువారీ ఖర్చు లేనట్టే. ఒక చార్జ్‌కు బండి తీరును బట్టి 20 నిమిషాల అటూ ఇటూ నడుస్తుంది. తర్వాత చార్జింగ్‌కు దాదాపు గంట ఆగాలి. అందుకే రెండో బ్యాటరీ దగ్గర పెట్టుకోవాలి.

ఇక నైట్రో. చిన్న ట్రక్ ట్యాంకులో 75 మిల్లీలీటర్లు పడుతుందనుకుందాం. అది 10 నిమిషాలు వస్తుంది. లీటర్‌కు 13 ట్యాంకులు, అంటే రెండు గంటల పైచిలుకు ఆట. నింపడానికి ఒక్క నిమిషం చాలు, నైట్రోకు ఉన్న పెద్ద సుఖం ఇదే. కానీ ఆ లీటర్ ఎక్కడ దొరుకుతుంది? వీధి చివర బంకులో దొరకదు. పెద్ద నగరాల్లోని హాబీ షాపుల నుంచి తెప్పించుకోవాలి. మండే ద్రవం కాబట్టి మామూలు పార్సిల్‌లా విమానంలో పంపరు. ఫ్యూయల్ అయిపోయిందంటే మళ్లీ వచ్చేదాకా బండి మూలనే.

ఇంకో సంగతి. అమెరికా వెబ్‌సైట్‌లో ధర చూసి రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోవద్దు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఆ భారం బండి ధరలో కనిపిస్తుంది. అందుకే చేతిలో 10 రూపాయలుంటే ఏడే బండికి పెట్టండి. మిగతా మూడు మంచి చార్జర్‌కు, రెండో బ్యాటరీకి, విరిగే పార్టులకు ఉంచండి.

మన నేల, మన గాలి

కొల్లేరు చుట్టూ ఉన్నది బంక మట్టి. తడిస్తే చక్రానికి ముద్దలా అంటుకుంటుంది. ఆ బరువుతో మోటార్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. మోటార్ మీద వేలు రెండు సెకన్లు పెట్టలేకపోతే వెంటనే ఆపి చల్లారనివ్వాలి. వాటర్‌ప్రూఫ్ అని పెట్టె మీద ఉంటే చినుకులకు, చిన్న గుంటలకు తట్టుకుంటుందని అర్థం. చెరువులో ఈదుతుందని కాదు! చేపల చెరువు గట్టు మీద నడిపితే ఒక్క తప్పు మలుపుతో బండి నీళ్లపాలు. దాళ్వా కోతలయ్యాక ఎండిన చేను, గూడెం పైన మెట్ట వైపు గట్టి నేల, అడిగి అనుమతి తీసుకున్న స్కూల్ గ్రౌండ్.. ఇవి మేలు.

గాలి సంగతి నైట్రోకు ఇంకా ముఖ్యం. మధ్యాహ్నం వేడి, తేమ గాలిలో ఆక్సిజన్ తక్కువ, పొద్దున చల్లగాలిలో ఎక్కువ. మధ్యాహ్నం సరిచేసిన స్క్రూ సెట్టింగ్‌తోనే మర్నాడు మంచు వేళ నడిపితే ఇంజిన్‌కు ఫ్యూయల్ చాలదు. బండి స్పీడ్ అందుకున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం కాలిపోతుంటుంది. పైగా మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇలాంటి తేమ ప్రాంతంలో డబ్బా మూత వదులుగా ఉంటే ఫ్యూయల్ పాడైనట్టే.

పక్షుల దగ్గర వద్దు

కొల్లేరును 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెడతాయి. వీడియో బాగా వస్తుందని అక్కడికి ట్రక్ తీసుకెళ్లడం సరదా కాదు. నైట్రో ఇంజిన్ గోల చాలా దూరం వినిపిస్తుంది. పిట్ట లేచిపోతే గూట్లో గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. అభయారణ్యంలో వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు వాడటం చట్టం ప్రకారం నేరం కూడా. ఎలక్ట్రిక్ బండి గోల తక్కువే అయినా, అక్కడికి అదీ వద్దు.

ప్రమాదం రెండింటిలోనూ ఉంది

మిథనాల్ విషం. కొంచెం కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కాబట్టి కూల్‌డ్రింక్ సీసాలో, వాటర్ బాటిల్‌లో ఎప్పుడూ పోసి పెట్టకూడదు. దాని మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు, చెయ్యి కాలేదాకా తెలియదు. ఇంట్లో, హాస్టల్ గదిలో దాచే వస్తువు కాదది. 2015లో ఎన్‌ఐటీ వచ్చాక గూడెంలో ఇంజిన్లంటే ఇష్టపడే విద్యార్థులకు కొదవలేదు. వాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.

నైట్రో బండిలో ఇంకో చిక్కు. రిసీవర్ బ్యాటరీ అయిపోతే ఇంజిన్ ఆగదు, ఫుల్ స్పీడ్‌లో దారితప్పి పోవచ్చు. బ్యాటరీ తగ్గగానే థ్రాటిల్ మూసేసే ఫెయిల్‌సేఫ్, దానికి తోడు థ్రాటిల్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ తప్పకుండా ఉండాలి. ఏ బండికైనా ముందు రిమోట్ ఆన్ చేయాలి, ఆపేటప్పుడు ముందు బండిని ఆఫ్ చేయాలి.

లిపో కూడా సాధువేం కాదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ పెట్టకండి. మంచం మీద, పరుపు మీద చార్జింగ్ వద్దు. సిమెంట్ గచ్చు మీద, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పెట్టండి. రాత్రి పెట్టి పడుకోవద్దు. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేయొద్దు.

మరి నైట్రో ఎవరికి?

ఇంజిన్ శబ్దం, ఆ వాసన, స్క్రూ పావు వంతు తిప్పితే మారే పలుకు.. వీటి కోసమే కొనేవాళ్లు ఉంటారు. బండి నడపడం కంటే బాగు చేయడంలోనే ఆనందం దొరికే వాళ్లకు నైట్రోను మించింది లేదు. అయితే దగ్గర్లో చేయి తిరిగిన మనిషి ఒకరుండాలి, ఫ్యూయల్ వచ్చే దారి ఖాయం కావాలి, ఇళ్లకు దూరంగా నడిపే చోటుండాలి. ఈ మూడూ ఉంటే రెండో బండిగా తీసుకోవచ్చు. మొదటి బండిగా మాత్రం తొందరపడొద్దు.

షాపులో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ముందు చక్రం చేయి విరిగితే అదే పార్ట్ విడిగా ఉందా? ఇప్పుడే చూపిస్తారా?
2. పెట్టెలో బ్యాటరీ, చార్జర్ ఉన్నాయా? విడిగా కొనాలా?
3. చార్జర్ లిపో సెల్స్‌ను సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరేనా?
4. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌దేనా? పక్కన ఇంకో బండి ఉన్నా సిగ్నల్ కలవదా?
5. మొదటి రోజుల్లో స్పీడ్ తగ్గించే ట్రైనింగ్ మోడ్ ఉందా?

మొదటి ప్రశ్నకే షాపువాళ్లు నీళ్లు నమిలితే, బండి ఎంత మెరుస్తున్నా వదిలేసి రండి. చక్రం చేయి ఎలాగూ విరుగుతుంది. శనివారం విరిగిన బండి ఆదివారం మళ్లీ చేలో పరిగెత్తాలంటే, ఆ పార్ట్ ఇంట్లో ఉండాలి. మొదటి బండి కొనేటప్పుడు స్పీడ్ కంటే ముందు చూసుకోవాల్సింది అదే.