బరువు లేని భోజన పాత్రలు

పిల్లలూ! సెలవు రోజున మీరు పెద్దవారితో కలిసి కోట నుంచి బయలుదేరి, స్వర్ణముఖి దాటి వాకాడు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి తూపిలిపాలెం సముద్రపు ఒడ్డుకు నడిచి వెళ్ళారనుకోండి. వంటా భోజనమూ అక్కడనే. ఎవరి సంచి వారే వీపున మోయాలి. బియ్యమూ పప్పూ తప్పవు. నీళ్ళు అసలే తప్పవు. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. ఎండలో నడిచేవారు నీరు తగ్గించుకోరాదు. కనుక బరువు తగ్గించవలసినది పాత్రలలోనే.

పూర్వం బాటసారులు ఇత్తడి మరచెంబు పట్టుకుపోయేవారు. మూత బిగిస్తే చుక్క ఒలికేది కాదు. కాని అది చాలా బరువు. ఎందుకంటే, ఒకే పరిమాణం గల ముక్కలు తీసుకొని, నీటి బరువు 1 అనుకుంటే అల్యూమినియం 2.7, టైటానియం 4.5, స్టీలు సుమారు 8, ఇత్తడి సుమారు 8.5 తూగుతాయి.

అయితే అల్యూమినియమే మంచిదా? తొందరపడకండి. పర్వతాలెక్కేవారిలో చాలామంది టైటానియం పాత్రలు వాడతారు. అది అల్యూమినియం కన్న బరువైన లోహమే గదా! కాని చాలా గట్టిది కనుక రేకును పలుచగా చేయవచ్చు. అందువల్ల పాత్ర తేలిక అవుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. మన ఇంట్లో పలుచని స్టీలు పళ్ళెం సంగతీ ఇంతే. లోహం పేరు చూసి మోసపోక, పళ్ళేన్ని త్రాసులో వేసి చూడండి.

అల్యూమినియానికి మరి రెండు లోపాలున్నవి. పులుపు దానికి పడదు. చింతపండు వేసిన నెల్లూరు చేపల పులుసును అందులో నిలువ ఉంచితే లోహం కొద్దికొద్దిగా పులుసులోకి దిగుతుంది. రెండవది వేడి. అల్యూమినియం స్టీలు కన్న సుమారు 15 రెట్లు త్వరగా వేడిని ప్రసరింపజేస్తుంది. వేడి చారు పోసిన అల్యూమినియం గ్లాసు పెదవులను చురుక్కుమనిపించేది అందుకే.

ఇది మీరే పరీక్షించవచ్చు. అల్యూమినియం, స్టీలు, కొయ్య చెంచాలను ఒక గిన్నెలో నిలబెట్టి, పై కొసలకు ఒక్కొక్క చిన్న వెన్న ముద్ద అంటించండి. గిన్నెలో పెద్దవారి చేత వేడినీళ్ళు పోయించండి. ఏ వెన్న ముందు కరిగిందో, ఏది కరగకుండా నిలిచిందో చూడండి.

కొయ్య వేడిని ఇంచుమించు పంపనే పంపదు. పైగా చాలా తేలిక. అటువంటి చెంచాలకు మన నెల్లూరు జిల్లా ఉదయగిరి పేరుపొందినది. అక్కడి పనివారు చెక్కే కొయ్య చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. కొయ్య చెంచాను కడిగి నీడన ఆరబెట్టాలి. తడిగా సంచిలో వేస్తే బూజు పడుతుంది. చెంచా లేకపోయినా చింత లేదు. చేతికన్న తేలికైన చెంచా ఏది? సబ్బు మరవకుంటే చాలు.

ఇక విస్తరాకు, తాటాకు దొన్నె ఉండనే ఉన్నవి. వాటికి బరువూ లేదు, కడిగే పనీ లేదు, మట్టిలో కలిసిపోతవి. కాని ఈనాడు కొన్ని విస్తళ్ళకు ప్లాస్టిక్ పొర అంటించి అమ్ముతున్నారు. చూసి కొనండి.

ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు తేలికే. అయినా ఒకసారి వాడి పారవేసే ఆ సామానును మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. చలికాలం చివర మన తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతవి. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచిని తాబేలు మెత్తని జెల్లీఫిష్ అనుకొని మింగుతుంది. అది కడుపులో అడ్డుపడి చచ్చిపోతుంది.

కనుక ఒక్కొక్కరికి అంచు లోతుగా ఉన్న పలుచని స్టీలు పళ్ళెం ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి, కొయ్య చెంచా ఒకటి చాలు. తిన్న పళ్ళేన్ని ముందు ఇసుకతో తోమితే మంచినీళ్ళు కొద్దిగానే ఖర్చవుతవి. తిరిగి వచ్చేముందు తెచ్చిన వస్తువులన్నీ లెక్క చూసి సంచిలో పెట్టుకోండి.