ఒక్కడి ‘కర్ల్‌’... లోకమంతా వాడేస్తోంది!

సాఫ్ట్‌వేర్‌ తయారుచేయడం గొప్పే. మరి దాన్ని దాదాపు ముప్ఫై ఏళ్లపాటు పాడవకుండా చూసుకోవడం? అదీ చాలాకాలం జీతం భత్యం లేకుండా! స్వీడన్‌కు చెందిన డేనియల్‌ స్టెన్‌బర్గ్‌ చేస్తున్నది అదే. ఆయన పేరు మనకు తెలియకపోవచ్చు. ఆయన ప్రోగ్రాం మాత్రం మన ఇంట్లోనూ ఏదో ఓ వస్తువులో ఉండే ఉంటుంది.

కారులో తెర సరిగ్గా పనిచేయకపోతే ఎవరైనా ఏం చేస్తారు? షోరూమ్‌కు ఫోన్‌ చేస్తారు. కొందరు మాత్రం స్టాక్‌హోం దగ్గర ఉండే స్టెన్‌బర్గ్‌కు ఈమెయిల్‌ పంపుతుంటారు. ఆయనకూ ఆ కారుకూ ఏ సంబంధమూ లేదు. కాకపోతే, అందులో ఆయన తయారుచేసిన ‘కర్ల్‌’ ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. హక్కుదారు పేరు తెలిపే ప్రకటనను మాత్రం తీసేయకూడదు. అందుకే కారు తెరమీద ఓ మూల ఆయన పేరు, ఈమెయిల్‌ చిరునామా కనిపిస్తాయి. చూసినవాళ్లు ‘ఈయనే మెకానిక్‌ కాబోలు’ అనుకుంటారు!

ఇంతకీ కర్ల్‌ చేసే పనేంటి? ఒక్కమాటలో చెప్పాలంటే పోస్ట్‌మ్యాన్‌ ఉద్యోగం. ఇంటర్నెట్‌లో ఓ చిరునామా చెబితే అక్కడికెళ్లి సమాచారం తెస్తుంది. ఇక్కడి నుంచి ఇచ్చింది అక్కడ చేరుస్తుంది. ఫోన్లు, టీవీలు, కార్లు, ఆటల యంత్రాలు... నెట్‌తో మాట్లాడాల్సిన వస్తువు ఏదైనా ఈ పని తప్పదు. ప్రతి కంపెనీ మళ్లీ మొదట్నుంచి రాసుకునే బదులు ఉన్న కర్ల్‌నే తెచ్చి పెట్టుకుంటుంది. స్టెన్‌బర్గ్‌ అంచనా ప్రకారం అది 2,000 కోట్ల చోట్లకు పైగానే ఉంది!

కబుర్ల గదిలో పుట్టింది

1996లో స్టెన్‌బర్గ్‌కు పాతికేళ్లు. ఇంటర్నెట్‌ కబుర్ల గదిలో కూర్చున్న మిత్రులకు ఏ దేశం డబ్బు ఎంత విలువ చేస్తుందో అప్పటికప్పుడు చెప్పే ఏర్పాటు చేయాలనుకున్నారు. అందుకు రోజూ నెట్‌లోంచి మారకం రేట్లు తేవాలి. వెతికితే బ్రెజిల్‌ ప్రోగ్రామర్‌ ఒకరు రాసిన బుల్లి ప్రోగ్రాం దొరికింది. మహా అయితే కొన్ని వందల వరుసలు. దానికే తనకు కావలసిన హంగులు అమర్చుకుంటూ వెళ్లారు. పేరు రెండుసార్లు మారి, 1998 మార్చి 20న ‘కర్ల్‌’గా బయటికొచ్చింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పగలు వేరే ఉద్యోగం, తీరిక దొరికితే కర్ల్‌. అదే పూర్తిస్థాయి కొలువైంది 2019లోనే. ఇన్నేళ్లలో 3,000 మందికి పైగా ఏదో ఒక సాయం చేశారు. అయినా అందులోకి చేరిన మార్పుల్లో సగానికి పైగా ఆయన చేతి మీదుగా జరిగినవే. నాటి వందల వరుసలు నేడు లక్షన్నర దాటాయి.

మరమ్మతే అసలు పని

ఒకసారి రాసేశాక ఇంకా పనేముంటుంది? ఇల్లు కట్టేసి సున్నం వేయడం మానేస్తే ఏమవుతుంది... ఇదీ అంతే. ఇంటర్నెట్‌ నియమాలు మారుతుంటాయి. పాత తాళాలు దొంగలకు అలవాటైపోతే కొత్తవి వస్తాయి. వాటన్నిటికీ తగ్గట్టు కర్ల్‌ కూడా మారాలి. అందుకే ఎనిమిది వారాలకోసారి కొత్త వెర్షన్‌ విడుదల చేయడం ఆనవాయితీ.

ఒక్కోసారి అంతవరకూ ఆగే వీలుండదు. 2023 అక్టోబరులో అదే జరిగింది. కర్ల్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఆరా తీస్తే, 2020లో స్టెన్‌బర్గ్‌ స్వయంగా చేసిన మార్పులోనే అది దొర్లింది. ఆయన దాచలేదు. పెద్ద లోపం దొరికిందని ముందే హెచ్చరించి, గడువుకన్నా ముందే అక్టోబరు 11న సరిచేసిన వెర్షన్‌ విడుదల చేశారు. పొరపాటు తనదేనంటూ, అదెలా జరిగిందో పూసగుచ్చినట్టు రాశారు. కోట్ల యంత్రాలు నమ్ముకున్న వస్తువు మరి!

రాజుగారి పతకం... కంపెనీల తాఖీదు

గౌరవాలకు లోటు లేదు. 2017లో స్వీడన్‌ ఇంజినీర్లకు దక్కే పోల్‌హెమ్‌ బహుమతిని ఆ దేశపు రాజు చేతులమీదుగా అందుకున్నారు. 2021లో అంగారకుడిపై ‘ఇంజెన్యుటీ’ హెలికాప్టర్‌ ఎగిరినప్పుడు, దానికి ఉపకరించిన సాఫ్ట్‌వేర్ల జాబితాలో కర్ల్‌నూ చేర్చింది గిట్‌హబ్‌ సంస్థ.

తలనొప్పులూ తక్కువేం కాదు. 2022 జనవరిలో ఓ భారీ అమెరికా కంపెనీ నుంచి ఆయనకు లేఖ వచ్చింది. వేరెవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం గురించి, తమ ప్రశ్నలన్నిటికీ 24 గంటల్లో జవాబివ్వాలట! అప్పటివరకూ ఆ కంపెనీ ఆయనకు రూపాయి ఇచ్చింది లేదు. మద్దతు కోసం ఒప్పందం చేసుకుంటే సంతోషంగా చెబుతానని ఆయన మర్యాదగానే బదులిచ్చారు.

కొత్త చిక్కు కృత్రిమ మేధతో వచ్చింది. భద్రతా లోపం పట్టిచ్చినవారికి కర్ల్‌ బృందం 2019 నుంచి నగదు బహుమతి ఇచ్చేది. ఆ డబ్బుకు ఆశపడి కొందరు ఏఐతో లేనిపోని లోపాలు రాయించి పంపడం మొదలెట్టారు. చదవడానికి ముచ్చటగా ఉంటాయి, లోపల సరుకుండదు. అబద్ధమని తేల్చడానికి మాత్రం గంటలు పడుతుంది. విసిగిపోయి 2026 జనవరి నెలాఖరుతో బహుమతి ఇవ్వడం ఆపేశారు. అలాగని ఆయన ఏఐని తిట్టిపోయలేదు. 2025లో దాన్ని ఒడుపుగా వాడిన ఓ పరిశోధకుడు అసలైన లోపాలు చూపిస్తే, మెచ్చుకుని దిద్దుకున్నారు.

సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి లేని వీధి మనకిప్పుడు అరుదు. పిల్లలకు కోడ్‌ రాయడం నేర్పిస్తున్నాం. కొత్తది కనిపెట్టమని ప్రోత్సహిస్తున్నాం. రాసినదాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడమూ ఓ విద్యేనని చెబుతున్నది మాత్రం తక్కువ. ‘ఉచితం’ అని మనం వాడుకునేదాని వెనక ఎవరో ఒకరి సాయంత్రాలు ఖర్చవుతున్నాయి. ఈసారి ఫోన్‌లో ‘అప్‌డేట్‌’ అని కనిపిస్తే విసుక్కుని పక్కకు నెట్టకండి. ఏ ఊళ్లోనో ఒకరు నిద్ర మానుకుని సరిచేసిన తాళం అందులో ఉండొచ్చు!