గోబర్ గ్యాస్ మీటరుకి ఫిల్టర్ మార్చడం ఎలా? నేను చేసిన పొరపాటు మీరు చేయకండి

మేం ఐదుగురం రైతులం కలిసి గోబర్ గ్యాస్ కొలిచే ఎనలైజర్ ఒకటి కొనుక్కున్నాం. దాని ఫిల్టర్ మార్చడం పై వీడియోలో చూపించాను. వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వానాకాలం మా ప్లాంటులో మీథేన్ 58 శాతం నుంచి 44కి పడిపోయినట్టు మీటరు చూపించింది. డైజెస్టర్ చెడిపోయిందనుకుని, లోపలికి దిగి శుభ్రం చేయడానికి మనుషుల్ని కూడా మాట్లాడేశాను. అప్పుడు మా తమ్ముడు, "అన్నా, ఆక్సిజన్ 5 శాతం చూపిస్తోంది. గాలి చొరబడని ట్యాంకులో ఆక్సిజన్ ఎక్కడిది?" అన్నాడు.

నిజమే. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటరులో 5 వచ్చిందంటే, అది పీల్చినదాంట్లో దాదాపు పావువంతు బయటి గాలే. 58లో పావువంతు తీసేస్తే 44 దగ్గరికి వస్తుంది కదా! చూస్తే, అంతకు ముందు వారం ఫిల్టర్ మార్చినప్పుడు రబ్బరు రింగు పెట్టడం మర్చిపోయాను. తప్పు ప్లాంటుది కాదు, నాది. ఆ మనుషులు గుంతలోకి దిగి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఫిల్టర్ ఎందుకంటే: మన గ్యాసులో తేమ ఎక్కువ. గొట్టంలో చల్లబడగానే నీటి బొట్లవుతుంది. ఆ నీళ్లు లోపలి సెన్సార్ దాకా పోకుండా ఫిల్టర్ ఆపుతుంది. అది తడిసినా, రంగు మారినా, పంపు శబ్దం బరువుగా వస్తున్నా మార్చేయాలి. ఎండబెట్టి, ఊది మళ్లీ వాడొద్దు. ఫిల్టర్ లేకుండా మీటరు అసలు ఆన్ చేయొద్దు.

మార్చే పద్ధతి:

1. ప్లాంటుకి దూరంగా, ఆరుబయట మీటరు ఆఫ్ చేయండి.
2. నీళ్లు పట్టే చిన్న గిన్నె ఖాళీ చేసి, తుడిచి ఆరబెట్టండి.
3. పాత ఫిల్టర్ తీసి, కొత్తది బాణం గుర్తు చూసి పెట్టండి.
4. రబ్బరు రింగు ఉందా, పగిలిందా చూసుకోండి.
5. ఆన్ చేసి, గొట్టం కొనని వేలితో ఒక్క క్షణం మూయండి. పంపు శబ్దం మారాలి, లేదా మీటరు హెచ్చరిక ఇవ్వాలి. ఏమీ మారకపోతే ఎక్కడో గాలి లీకవుతోందన్నమాట.

కొలిచిన ప్రతిసారీ, పని అయ్యాక మంచి గాలిలో పంపు కాసేపు తిరగనివ్వండి. మీథేన్ సున్నాకి, ఆక్సిజన్ 20.9 దగ్గరికి వచ్చాకే ఆపండి. జీరో సెట్టింగ్ కూడా మంచి గాలిలోనే చేయాలి, ప్లాంటు పక్కన చేయొద్దు. కాలిబ్రేషన్ మాత్రం మాన్యువల్లో చెప్పిన గడువుకి సర్వీసు వాళ్లతోనే చేయించండి. వాడకపోయినా సెన్సార్లకి వయసైపోతుంది.

చివరిగా ఒక్క మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకి ఆ వాసనే తెలియదు. "వాసన లేదు కదా" అని ఎవరినీ గుంతలోకి దించకండి. మీటరు బాగుందని చూపించినా సరే, అది శిక్షణ ఉన్నవాళ్ల పని. రీడింగ్ తేడాగా వస్తే ముందు ఆక్సిజన్ అంకె చూడండి, తర్వాత ఫిల్టర్ చూడండి. ప్లాంటు సంగతి ఆ తర్వాతే.