తాత చెప్పిన నీటి విమానం

మాది వజ్రకరూరు. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి ఎర్రచేలల్లో వంచిన నడుము ఎత్తకుండా వజ్రాల కోసం వెతుక్కునే ఊరు. వజ్రాల సంగతి ఎలా ఉన్నా నీళ్ల సంగతి మాత్రం అడగొద్దు. ఎనుము మునిగేంత నీళ్లు కుంటలో నాలుగు నెలలు నిలిస్తే అదే మహాభాగ్యం మాకు.

అలాంటి ఊళ్లో మా తాత రాత్రిపూట అరుగు మీద కూర్చుని, "నీళ్ల మీద దిగే ఇమానాన్ని తాడు పట్టి గట్టుకు లాగినా నేను" అనేవాడు. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. "ఇమానానికి ఈతొచ్చా తాతా?" అని అడిగేవాళ్లం. లోపలి నుంచి అవ్వ "చాల్లే నీ కోతలు" అనేది. తాత మాత్రం తగ్గేవాడు కాదు. "నేను అబద్ధం చెప్పల్యా పాపా. దాని నడుముకు అటొకటి ఇటొకటి గాజుబుడ్డలు. అండ్ల మనిషి కూర్చోని కిందికి చూస్తాంటాడు. పైకి లేస్తానే రెక్కల కొసలు మడుస్తాది" అనేవాడు.

యుద్ధం రోజుల్లో కరువుకు తాళలేక గుంతకల్లులో రైలెక్కి మద్రాసు పోయి, రెడ్‌హిల్స్ చెరువు దగ్గర దొరల విమానాల కాడ కూలి చేశాడట. అదంతా కథే అనుకుని పెరిగాను నేను.

టీవీలో చూసి గుర్తొచ్చింది

2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణ నీళ్ల మీంచి లేచిన ఒక చిన్న విమానం శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులో ప్రయాణించారు. ప్రయోగాత్మకంగా నడిపిన ఆ విమానాన్ని టీవీలో చూస్తూ నా మనవరాలు "అవ్వా, మీ తాత చెప్పింది ఇదేనా?" అంది.

"కాదమ్మా. దీనికి గాజుబుడ్డలేవీ?" అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. తాత పోయి ముప్పై ఏళ్లు దాటినా ఆయన మాట మనసులో అలాగే ఉందన్నమాట!

శ్రీశైలంలో దిగింది మామూలు విమానమే. కాళ్లకు చెప్పులు తొడిగినట్టు చక్రాల చోట తేలే తొట్లు కట్టారు దానికి. తాత చూసింది వేరే జాతి. దాని పొట్టే పడవ. అచ్చంగా పడవకు రెక్కలు వచ్చినట్టుంటుంది. మనవరాలు రెండు రోజులు వెతికి ఒక ఫోటో చూపించింది. పడవలాంటి ఒళ్లు, దాని మీద దిమ్మె కట్టి నిలబెట్టినట్టు పైన పొడవాటి రెక్క, నడుముకు రెండు వైపులా గాజుబుడగలు! రెక్కల చివర వేలాడే తేలుడు బుడ్లు గాల్లోకి లేచాక పైకి మడుచుకుంటాయట. తాత చెప్పినట్టే! ఆ విమానం పేరు కాటలీనా.

రెడ్‌హిల్స్‌లో ఎందుకు?

1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో అండమాన్లు జపాన్ చేతికి పోయాయి. బంగాళాఖాతంలో శత్రు నౌకలు ఎటునుంచి వస్తాయో కనిపెట్టి ఉండాలి. అందుకు గంటల తరబడి ఆగకుండా ఎగరగలిగి, రన్‌వే లేకపోయినా నీళ్లలో దిగగలిగే విమానాలు కావాలి. మద్రాసుకు తాగునీరిచ్చే రెడ్‌హిల్స్ చెరువు అలా బ్రిటిష్ వైమానిక దళం 240వ స్క్వాడ్రన్‌కు స్థావరమైంది. అక్కడి నుంచి కాటలీనాలు సముద్రం మీద పహరా తిరిగేవి.

ఆ పహరా విలువేమిటో సింహళం వాళ్లకు బాగా తెలుసు. 1942 ఏప్రిల్ 4న కెనడాకు చెందిన లియొనార్డ్ బిర్చాల్ నడుపుతున్న కాటలీనా అక్కడి దక్షిణ సముద్రంలో జపాన్ నౌకాదళాన్ని చూసింది. రేడియోలో కబురు పంపుతుండగానే శత్రు విమానాలు దాన్ని కూల్చేశాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బతికి, యుద్ధం ముగిసేదాకా ఖైదీలుగా ఉన్నారు. వాళ్ల కబురు వల్లే కొలంబో ముందుగా జాగ్రత్తపడింది. మరో రెండు రోజులకు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. పేలని బాంబొకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో కనిపిస్తుంది.

ప్రాణం పోసిన రెక్కలు

యుద్ధవిమానం అనగానే బాంబులే గుర్తొస్తాయి కదా! నీటి విమానాలు చేసిన పనుల్లో ప్రాణాలు కాపాడటమూ పెద్దదే. 1944లో బర్మా అడవుల్లో గాయపడ్డ సైనికులు బయటికి వచ్చే దారిలేక ఉంటే, సండర్‌లాండ్ అనే పెద్ద నీటి విమానాలు రెండు కొండల మధ్యనున్న ఇందావ్‌జీ సరస్సులో దిగి సుమారు 500 మందిని బ్రహ్మపుత్ర ఒడ్డుకు చేర్చాయి. ఆ రెంటికీ సైనికులు గెర్ట్, డైసీ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. అప్పట్లో రేడియోలో నవ్వించే అక్కాచెల్లెళ్లు వేసిన పాత్రల పేర్లవి.

ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు పక్కన సండర్‌లాండ్‌లు తయారుచేసిన కర్మాగారంలో ఆడవాళ్లూ పనిచేశారు. ఇల్లు దాటి ఎరగని వాళ్లు కూడా రేకులకు రివెట్లు కొట్టడం నేర్చుకున్నారు. ఒక్క రివెట్ వదులైనా పొట్టలోకి నీళ్లు వస్తాయి మరి!

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సింహళానికి కాటలీనాలు గుట్టుగా ప్రయాణికులనూ ఉత్తరాలనూ చేరవేసేవి. 27 గంటలకు పైగా ఏకబిగిన ప్రయాణం. దారిలో సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. యుద్ధం ముగిశాక ఆ విమానాలను ఏం చేశారనుకున్నారు? సముద్రంలో ముంచేశారు. అవసరం తీరింది, ఎవరికీ అక్కర్లేదు!

బతికించుకుంటున్న వాళ్లు

మూడు వేలకు పైగా తయారైన కాటలీనాల్లో నేడు ఎగరగలిగేవి చాలా కొద్ది. అవైనా మిగిలాయంటే వాటి మీద పిచ్చి ప్రేమ ఉన్నవాళ్ల చలవే. ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్‌లో 'మిస్ పికప్' అనే కాటలీనా ఉంది. ప్రేమికులు కలిసి కాపాడుకుంటున్నారు దాన్ని. 2020 అక్టోబరులో స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సులో దిగాక దాని ఇంజను మొరాయించింది. ఒడ్డుకు లాగి, క్రేనుతో పైకెత్తి, ఇంజను మార్చి మళ్లీ ఎగరేశారు. పాతదైపోయిందిలే అని ఎవరూ వదిలేయలేదు.

నీటి విమానాన్ని నిలబెట్టడం తేలిక కాదు. ఉప్పునీళ్లలో దిగినప్పుడల్లా మంచినీళ్లతో ఒళ్లంతా కడగాలి. లేకుంటే రేకు తినేస్తుంది. ఏ రివెట్ దగ్గర నీరు ఊరుతోందో వెతికి వెతికి మూయాలి.

మరికొందరు కెమెరాలు పట్టుకుని ఈ విమానాలు ఎక్కడ దిగితే అక్కడికి వెళ్తారు. సరదాకే అనుకోకండి. తోక మీది నంబరు, చోటు, తేదీ రాసి ఫోటో తీసి పెడతారు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా ఒక శిథిలాన్ని బాగుచేయబోతే దాని రంగేమిటో, కిటికీ ఎక్కడుందో చెప్పేది ఆ ఫోటోలే.

నాకు బాగా నచ్చిన కబురు ఇంకోటుంది. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం కోసం రూపొందించిన 'మార్స్' విమానాల రెక్కల పొడవు 61 మీటర్లు. తర్వాత అవి కెనడాలో దశాబ్దాల పాటు అడవి మంటలు ఆర్పాయి. మిగిలిన రెండింటిలో ఒకటి 2024 ఆగస్టులో అక్కడి మ్యూజియానికే చేరింది. రెండోది 2025 ఫిబ్రవరిలో అమెరికాలోని అరిజోనా ఎడారికి, టూసాన్ పట్నంలోని పీమా మ్యూజియం కోసం వెళ్లింది. నీటి విమానం ఎడారికా అనుకున్నాను. గాలిలో తేమ తక్కువైతే లోహం త్వరగా పాడుకాదట. వాన లేదని మనం తిట్టుకునే ఎండే పాతవస్తువులకు కాపలా అన్నమాట!

మా పొయ్యిలో కాలిపోయింది

ఇక నా తప్పు చెప్పాలి. రెడ్‌హిల్స్‌లో ఒక దొర కూలీలందరినీ విమానం ముందు నిలబెట్టి ఫోటో తీసి తాతకూ ఒకటిచ్చాడు. అది రేకుపెట్టెలో ఉండేది. తాత పోయిన మరుసటేడు ఉగాదికి సున్నం వేయిస్తూ పెట్టె ఖాళీ చేసింది నేనే. ఫోటో మూలలు చెదలు తిన్నాయి. మనుషుల మొహాలు మాసిపోయాయి. వెనక ఒక్క అక్షరం లేదు. పాత కాగితాలతోపాటు నీళ్లపొయ్యిలో వేశాను. అవ్వ చూసి ఏమీ అనలేదు. అన్నాళ్లూ కోతలని ఎగతాళి చేసిన మనిషి, ఆ పూట అన్నం తినలేదు.

ఇవాళ అదే ఉంటే, తోక మీది నంబరు చూసి అది ఏ విమానమో, ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. ఆ ముందు నిలబడ్డ మనుషుల పేర్లు చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. విమానాలను కాపాడటానికి సంఘాలున్నాయి. తాడు లాగిన వాళ్లను కాపాడాల్సింది మనమే కదా!

అందుకే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు:

* పాత ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది.
* జిగురు పేజీల ఆల్బమ్‌లలో అంటించకండి. కొన్నేళ్లకు ఆ జిగురే ఫోటోను పాడుచేస్తుంది.
* ఫ్రేము అద్దానికి ఫోటో అతుక్కుపోతే లాగకండి. అద్దంతో సహా ఇంకో ఫోటో తీయించండి.
* గోడకు ఆనించిన పెట్టెల్లో, చెమ్మ తగిలే చోట ఉంచకండి. ఏడాదికోసారైనా తెరిచి చూడండి.
* ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని "వీళ్లెవరు?" అని అడగండి. ఇది రేపటికి వాయిదా వేయొద్దు.

తాత చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. ఆయనతో రెడ్‌హిల్స్ పోయిన వాళ్ల ఇళ్లు మా ఊళ్లో ఇంకా రెండున్నాయి. వచ్చే ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని వాళ్ల పెట్టెలు అడిగి చూద్దామనుకుంటున్నాను. మా ఊళ్లో వెతకడం అందరికీ వచ్చిన పనే. ఈసారి చేలో కాదు, ఇళ్లల్లో!

మరి మీ ఇంట్లో పాతపెట్టె తెరిచి ఎన్నాళ్లయింది?