పాత పెంకుటిల్లు, కొత్త ఫోన్: నెల్లూరు తీరంలో ఇళ్లను ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయడం ఎలా?

ఫోన్ కెమెరా రివ్యూ అనగానే పోర్ట్రెయిట్, నైట్ మోడ్, జూమ్ గురించే మాట్లాడుకుంటాం. కానీ కెమెరాకి గట్టి పరీక్ష పెట్టాలంటే ఒక పాత పెంకుటింటి ముందు నిలబడి చూడండి. సున్నం వేసిన గోడ ఎండకి తెల్లగా మెరిసిపోతుంటుంది. పక్కనే పంచలో చీకటి. పైన వందల పెంకులు, ఏ రెండూ ఒకేలా ఉండవు. బ్రైట్‌నెస్, షాడో, టెక్స్చర్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో ఫోన్‌కి సవాల్ విసురుతాయి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, ఊరు నెల్లూరు. సెలవు దొరికితే బండేసుకుని ఇందుకూరుపేట, మైపాడు, విడవలూరు వైపు వెళ్లి పాత ఇళ్లు, గుళ్లు, బకింగ్‌హామ్ కాలువ గట్లు ఫోన్‌తో తీస్తుంటాను. అలా తిరుగుతూ పనికొచ్చాయి అనిపించిన సెట్టింగ్స్, వాటి వెనకున్న లాజిక్ ఈ ఆర్టికల్‌లో చెప్తాను. ఏ ఫోన్ అయినా పర్లేదు.

ఇవి ఎందుకు తీయాలి?

మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశారు. అది తప్పు అనను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే వానలు, తుఫాన్లు తట్టుకోవాలంటే కారే కప్పు కింద ఎవరుంటారు? కానీ ఇప్పుడు ఆ ఇంటి ఫోటో కావాలంటే మా దగ్గరున్నవన్నీ పెళ్లి ఫోటోలే. జనం వెనకాల సగం ద్వారబంధం, ఒక మూల అరుగు, అంతే. పెంకులు ఎలా పేర్చారో, వాసాలు ఎలా దిగాయో ఒక్కదాంట్లోనూ లేదు.

పేరున్న కట్టడాలని ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు. పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దక్షిణాఫ్రికాలో ఆయన స్నేహితుడైన పార్సీ రుస్తుంజీ ఆ భవనం కోసం 10,000 రూపాయలు ఇచ్చారు. దాని ఫోటోలు వెతికితే దొరుకుతాయి. అదే దారిలో ఉన్న మామూలు ఇంటికి ఆ అదృష్టం లేదు. దాన్ని రికార్డ్ చేసే కెమెరా ఏదైనా ఉందంటే, మీ జేబులో ఉన్నదే.

ఫోన్ గోడని "రిపేర్" చేస్తుంది

షటర్ నొక్కగానే ఫోన్ ఒక్క ఫోటో తీయదు. వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నాయిస్ తగ్గించి, షాడోలు పైకి లేపి, అంచులు షార్ప్ చేసి మనకి ఇస్తుంది. మొహాలకి ఇది బాగానే ఉంటుంది. పాత గోడకి మాత్రం ఇక్కడే తేడా కొడుతుంది. సున్నం పొరలు, సన్నటి బీటలు, ఇసుక గరుకు అన్నీ సాఫ్ట్‌వేర్‌కి నాయిస్‌లాగే కనిపిస్తాయి. నున్నగా తుడిచేస్తుంది. గోడ ప్లాస్టిక్ షీట్‌లా వస్తుంది. కప్పు అంచు చుట్టూ ఆకాశంలో తెల్లటి గీత కనిపిస్తే అది ఓవర్ షార్పెనింగ్. పంచలో చీకటి మొత్తం లేపేస్తే ఇంటి లోతే పోతుంది.

జూమ్‌తో ఇంకో చిక్కు ఉంది. 2023లో శాంసంగ్ మూన్ ఫోటోల గొడవ గుర్తుందా? కావాలని బ్లర్ చేసిన చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి తీసినా ఫోన్ డీటెయిల్స్ చూపించిందని ఒక యూజర్ బయటపెట్టాడు. ఎక్కువ జూమ్‌లో ఏఐ పని చేసే ఫోన్లలో పెంకులకీ ఇదే రిస్క్. మనం చూసే పెంకు ఆ ఇంటిదా, మోడల్ ఊహించిందా అన్న డౌట్ వస్తే ఆ ఫోటో రికార్డుగా పనికిరాదు. అందుకే ఇవి చేయండి:

1. సీన్ ఆప్టిమైజర్, ఏఐ ఎన్‌హాన్స్ లాంటివి ఆఫ్ చేయండి. శాంసంగ్‌లో ఇంటెలిజెంట్ ఆప్టిమైజేషన్‌ని మినిమమ్‌కి పెట్టండి.
2. రా ఫార్మాట్ ఉంటే వాడండి. పిక్సెల్‌లో రా ప్లస్ జేపెగ్, ఐఫోన్ ప్రో మోడల్స్‌లో ప్రోరా, శాంసంగ్ టాప్ మోడల్స్‌లో ఎక్స్‌పర్ట్ రా ఉంటాయి. ఇవేవీ లేకపోతే ఓపెన్ కెమెరా యాప్ ట్రై చేయండి. అది ఫ్రీ, మీ ఫోన్ సపోర్ట్ చేస్తే రా ఇస్తుంది.
3. డిజిటల్ జూమ్ మానేసి నాలుగు అడుగులు దగ్గరికి నడవండి.

దూరం లెక్క

మెయిన్ కెమెరా చాలా ఫోన్లలో 24 ఎంఎంకి దగ్గరగా ఉంటుంది. 8 మీటర్ల వెడల్పున్న ఇంటి ముందు భాగం ఫ్రేమ్ నిండా రావాలంటే సుమారు 5.5 మీటర్ల దూరంలో నిలబడాలి. అదే 2ఎక్స్ పెడితే 11 మీటర్లు. వీధి వెడల్పు ఉంటే 2ఎక్స్‌తో వెనక్కి వెళ్లండి. దగ్గర నుంచి తీస్తే అరుగు పెద్దదిగా, కప్పు చిన్నదిగా కనిపిస్తుంది. దూరం పెరిగితే రెండూ అసలు కొలతల్లోకి వస్తాయి. అల్ట్రా వైడ్ ఇరుకు సందుల్లో తప్ప వాడకండి, మూలలు సాగిపోతాయి.

ఇప్పుడు రిజల్యూషన్ చూద్దాం. 12 మెగాపిక్సెల్ ఫోటో వెడల్పు సుమారు 4000 పిక్సెల్స్. 8 మీటర్లని 4000తో భాగిస్తే ఒక పిక్సెల్‌కి 2 మిల్లీమీటర్లు. అంటే సెంటీమీటర్ బీట 5 పిక్సెల్స్‌లో కనిపిస్తుంది. 50 మెగాపిక్సెల్ మోడ్‌లో వెడల్పు సుమారు 8000 కాబట్టి ఒక పిక్సెల్‌కి మిల్లీమీటరే. అయితే ఈ మోడ్ మంచి వెలుతురులోనే లాభం. లైట్ తగ్గితే నాలుగు పిక్సెల్స్ కలిపి ఒకటిగా చేసే 12 మెగాపిక్సెలే క్లీన్‌గా వస్తుంది. ఒక ఫోటోలో గోడ పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు ఆనించి పెట్టండి. తర్వాత ఎవరైనా ఆ తలుపు కొలత తెలుసుకోవచ్చు.

గీతలు నిటారుగా ఉండాలి

ఫోన్ పైకి ఎత్తితే గోడలు పైన దగ్గరికి వచ్చినట్టు వంగుతాయి. నెల్లూరు రంగనాయకుల గుడి గాలిగోపురాన్ని కింద నిలబడి తీసిన వాళ్లందరికీ ఇది తెలుసు. గ్రిడ్, లెవెల్ ఆన్ చేసి ఫోన్‌ని నిటారుగా పట్టుకోండి. గోపురం లాంటి వాటికి తప్పనిసరైతే తీశాక స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో సరిచేయొచ్చు. సరిచేసేటప్పుడు అంచులు కట్ అవుతాయి కాబట్టి తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి.

మన తీరం లైటు, మన తీరం ఉప్పు

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. తూర్పు ముఖం ఇళ్లకి ఉదయం 6:30 నుంచి 8 లోపు ముందు భాగం మీద ఎండ పడుతుంది. జనవరిలో అయితే సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు కాబట్టి వెలుతురు గోడ మీద ఏటవాలుగా జారి ప్రతి గరుకూ కనిపిస్తుంది. వానలు అయిపోయి గాలి కూడా శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో సున్నం గోడ పేలిపోతుంది. గోడ మీద ట్యాప్ చేసి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దాకా తగ్గించండి. షాడోలని రా ఫైల్‌లో తర్వాత లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పది నిమిషాలు ఆగండి. బీచ్ దగ్గర లెన్స్ మీద ఉప్పు, ఇసుక చేరతాయి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. కొంచెం తడి గుడ్డతో అద్ది, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడవండి.

ముందు మనిషి, తర్వాత ఇల్లు

అది మనకి హెరిటేజ్, వాళ్లకి ఇల్లు. కెమెరా తీయకముందే పలకరించండి. "అవ్వా, ఇల్లు బాగుంది, ఒక ఫోటో తీసుకోనా?" అంటే చాలాసార్లు "తీసుకో నాయనా, ఎందుకూ, ఇల్లు కొంటావా?" అని నవ్వుతారు. వద్దంటే అక్కడితో ఆపేయాలి. లోపలి గదులు, పడక, పిల్లలు అడక్కుండా తీయొద్దు. కృష్ణపట్నం పోర్టు, శ్రీహరికోట పరిసరాల్లో డ్రోన్ ఆలోచన పెట్టుకోవద్దు.

ఒక ఇంటికి ఎనిమిది ఫోటోలు

ముందు భాగం నేరుగా, రెండు పక్కల నుంచి మూల కనిపించేలా, వీధితో కలిపి దూరం నుంచి, ద్వారబంధం, కప్పు పెంకులు, ఒప్పుకుంటే పంచలోంచి పైకి వాసాలు, స్కేలుతో ఒకటి. అంతే ఎనిమిది, పది నిమిషాల పని.

ఫైల్ పేరులో ఊరు, తేదీ పెట్టండి. ఎవరు కట్టారు, ఎప్పుడు అని ఇంటివాళ్లు చెప్పింది వాయిస్ రికార్డ్ చేసి అదే ఫోల్డర్‌లో వేయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, లొకేషన్ డేటా పోతుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి. ఒరిజినల్స్ రెండు చోట్ల ఉంచండి. గుడి, పాత స్కూల్ లాంటి పబ్లిక్ కట్టడాలైతే వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. ఇళ్లయితే ఇంటివాళ్లని అడిగాకే. వీలైతే ఒక ప్రింట్ తీయించి ఆ ఇంట్లో ఇవ్వండి.

ఈ సంక్రాంతికి ఊరెళ్తే గొబ్బెమ్మలు, ముగ్గులతో పాటు వాటి వెనకున్న గోడని కూడా ఒక్కసారి నేరుగా ఫ్రేమ్‌లో పెట్టండి. వచ్చే ఏడాది ముగ్గు మళ్లీ వేస్తారు. గోడ ఉంటుందని గ్యారంటీ లేదు.